వీబ్రెన్ వాడి చూసిన అయిదు డేటాబేస్‌లు

నెదర్లాండ్స్‌లోని హార్లింగన్ రేవులో తెరచాపలు బాగుచేసే వీబ్రెన్‌కు ఒకటే జబ్బు. ఉచితంగా వాడి చూడనిదే ఏదీ కొనడు. వాడి చూశాక అసలే కొనడు. దుకాణంలో కొత్త బూట్లు తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి, ఎడమ బూటుకు తను నచ్చలేదని తిరిగిచ్చేసిన ఘనుడు.

అతని కొట్టులో పనిచేసేది ఆరుగురు. కొలతలన్నీ కంప్యూటర్లో ఒకే ఫైలు. ఒకరు తెరిస్తే మిగతావాళ్లకు తెరుచుకోదు. అందుకని వీబ్రెన్ ఎర్ర ఉన్నిటోపీ ఒకటి తెచ్చాడు. టోపీ ఎవరి నెత్తినుంటే ఫైలు వాళ్లది. ఒకరోజు పెద్ద కుట్టుమనిషి టిట్స్కె టోపీతో సహా భోజనానికి వెళ్లిపోయింది. ఫైలు చూడలేక మిగతావాళ్లు ఒకరి తెరచాపను ఇంకొకరి పడవకు కత్తిరించేశారు. అందరూ ఒకేసారి వాడుకునే డేటాబేస్ కొనక తప్పదని వీబ్రెన్ నీరసంగా ఒప్పుకున్నాడు.

ఆ ఆరుగురిలో ఒకతె అయిన ఆఫ్కెకు బెంగ పట్టుకుంది. చదువు మధ్యలో ఆగిన పిల్ల. సూది పడితే అద్దంలాంటి కుట్టు, అక్షరాలు గుమిగూడితే మాత్రం కళ్లు తిరుగుతాయి. ఇన్నాళ్లూ టోపీ దరిదాపులకు పోకుండా నెట్టుకొచ్చింది. ఇకమీదట ఎవరి కొలతలు వాళ్లే ఎక్కించాలట. చేతకాదని తెలిస్తే పని ఉంటుందా?

మొదటిది ముప్ఫై రోజులు ఉచితం. నాలుగువందల తెరచాపల కొలతలు టిట్స్కె ఎక్కించాక, ఖాళీగా ఉన్నావంటూ వీబ్రెన్ ఆఫ్కెను కూర్చోబెట్టాడు. ఆమె గళ్ల మధ్య గంటసేపు తప్పిపోయింది. మర్నాడు వీబ్రెన్ దాన్ని అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, తలకింతని వసూలు చెయ్యడం దోపిడీ, మాకొద్దని పెట్టేశాడు. రెండోదీ అంతే. మూడోదాని బొత్తాల రంగు బాగాలేదన్నాడు. నాలుగోది సగం ధరకే వస్తుంటే దాన్నీ తిప్పి పంపాడు. ప్రతిదాని ముందూ ఆఫ్కె ఓ గంట తడబడుతూనే ఉంది.

"ఈయన పెళ్లి కూడా ముప్ఫై రోజుల షరతు మీదే చేసుకుని ఉంటాడు" అని గొణుక్కుంటూ టిట్స్కె మళ్లీ మొదటి తెరచాప నుంచి ఎక్కించింది.

అయిదోది తెరచాప బొమ్మే చూపించింది. ఏ అంచు తాకితే ఆ అంచు కొలత అడిగింది. ఆఫ్కె పది నిమిషాల్లో మూడు తెరచాపలు ఎక్కించేసింది.

ఉచిత గడువు ఇంకా పదిహేను రోజులు మిగిలుండగానే వీబ్రెన్ అప్పటికప్పుడు డబ్బు కట్టేశాడు.

బిల్లు చూసి టిట్స్కె నోరు తెరిచింది. "నాలుగోదానికి ఇది రెట్టింపు కదయ్యా. పైగా ఆ ధర అయిదుగురికే. ఆరో మనిషికని విడిగా కట్టావు. ఆఫ్కె నా పేరు మీద చేసుకునేది కదా?"

"కుట్టేది ఆమె. పేరు నీదెందుకు?"

ఆఫ్కెకు అప్పుడు తట్టింది. ఆ నాలుగూ తను తడబడిన మర్నాడే వెనక్కి పోయాయి. ఏదో అనబోయింది.

"కళ్లనీళ్లు పెట్టుకోకు పిల్లా" అన్నాడు వీబ్రెన్. "కొత్తవాళ్లకు నీ కుట్టు నేర్పాలంటే ఇంతకు పదింతలవుతుంది. నాలుగో తెరచాప ఎక్కించు."

ఆఫ్కె నవ్వు కనబడకుండా కంప్యూటర్‌కు దగ్గరగా జరిగింది.