గడప లేని ఇంట్లో పసుపు చదరం

అమెరికాలో, ఈ ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనేదాకా నాకు సొంత గోడంటూ లేదు. పెళ్ళయినప్పటి నుంచీ అద్దె అపార్ట్‌మెంట్లే. అన్నిట్లోనూ ఒకటే తెలుపు, మేకు కొట్టాలన్నా మేనేజర్ని అడగాలి. అందుకే తాళాలు చేతికి రాగానే మా ఆయనతో చెప్పేశాను, వీధి తలుపు పక్క గోడకి రంగు నేనే ఎంచుతానని. ఇల్లు, పేట, చివరికి ఫ్రిజ్ కూడా ఆయన లెక్కల ప్రకారమే వచ్చాయి. ఒక్క గోడైనా నా మాట వినాలనిపించింది.

నాకు కావలసింది వాన వెలిసిన ఆకాశం లాంటి బూడిద నీలం. ఆయన పసుపు అన్నారు. రెండిటికీ శాంపిల్ డబ్బాలు తెచ్చి, గోడ మీద పక్కపక్కనే అరచేయంత చదరాలు పూశాం. ఆయన నా నీలాన్ని ఆసుపత్రి రంగన్నారు. నేను ఆయన పసుపుని ముద్దపప్పన్నాను. పొద్దుటి ఎండలో నాది బాగుండేది, సాయంత్రం లైటు వేస్తే ఆయనది వెలిగిపోయేది. ఎవరి టైంలో వాళ్ళు రెండోవాళ్ళని గోడ దగ్గరికి పిలిచేవాళ్ళం. నా ఫ్లిప్ ఫోన్‌లో ఫొటో తీస్తే రెండూ మట్టిరంగులో పడ్డాయి. ఏదీ తేలకుండానే గృహప్రవేశం వచ్చి పడింది.

ఆ రోజు అందరికంటే ముందు, కుంకుమ భరిణె పట్టుకుని, మాకు బాగా తెలిసిన డాక్టరాంటీ వచ్చారు. రిటైరయ్యాక మా అందరి పూజలూ ఆవిడే దగ్గరుండి చేయిస్తారు. తలుపు తీయగానే కిందికి చూశారు. ఇక్కడ గడపంటే సన్నటి అల్యూమినియం పట్టీయే కదా.

"దీనికి పసుపెలా రాస్తామమ్మా," అని గొణిగి, తలెత్తి గోడకేసి చూశారు. "ఓహో, గోడకి రాశావా. మంచి ఐడియా."

నేను నోరు తెరిచేలోపు పసుపు చదరం మీద మూడు కుంకుమ బొట్లు పెట్టి దండం పెట్టుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళూ ఆవిణ్ణి చూసి ఆ చదరానికి దండాలు పెట్టారు. పక్కనున్న నా నీలాన్ని ఒక్కరూ చూడలేదు. మా ఆయన పాలు పొంగుతున్న స్టవ్ దగ్గర నిలబడి మీసాల్లో నవ్వుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బొట్టు పెట్టాక ఆ రంగుని చెరిపే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ వారాంతం ఆయనే పెయింట్ కొట్టుకి వెళ్ళి పెద్ద డబ్బా తెచ్చారు. మూత తీస్తే నీలం. నమ్మలేక డబ్బాలోకి రెండుసార్లు చూశాను. తనే రోలర్ పట్టుకుని మొదలుపెట్టి, పసుపు చదరం దాకా వచ్చి ఆగారు.

"కవర్ చేసేయనా?"

"బొట్లున్నాయి కదండీ."

"ఉంటే ఉన్నాయి. నీ గోడ, నువ్వు చెప్పు."

ఇన్నాళ్ళూ నేను పోట్లాడింది ఆ మాట కోసమేనని అప్పుడర్థమైంది. ఆ చదరాన్ని అలాగే వదిలెయ్యమన్నాను.

నీలం గోడ మధ్య ఆ పసుపు చదరం ఇప్పటికీ ఉంది. ఎవరైనా ఇదేంటండీ అని అడిగితే, ఆయన సోఫాలోంచి లేవకుండా, "ఆవిడ గోడ, ఆవిణ్ణే అడగండి," అంటారు.