చెయ్యెత్తని అవ్వ

రెండేళ్ల కిందట పుంగనూరు చర్చి ఆవరణలో, మూడు ఊళ్ల జనం చూస్తుండగా, తెల్లజుట్టు పెట్టుకున్న ఒక ముసలమ్మ స్టేజీ మీద చర్చి సెక్రటరీని కట్టెతో కొట్టింది. ఆ ముసలమ్మ నేనే. అప్పటికి నాకింకా ముప్పై నిండలేదు. ఈ సంగతి మీకు ఇదివరకే ఎవరైనా చెప్పి ఉంటే దాన్ని మరిచిపోండి. నేను ఆయన్ను స్టేజీ మీద నుంచి తోసేశానని మదనపల్లెలో చెప్పుకుంటున్నారు. ఆయనకు కుట్లు పడ్డాయని కుప్పంలో చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధాలే. నిజం వాటికంటే ఘోరం. మీరు చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే వస్తుంది. పాప నిద్రపోయింది కాబట్టి, గిన్నెల మీద చూపించాల్సిన కోపాన్ని కాగితం మీద చూపిస్తున్నాను.

దీనికంతటికీ మూలం మా షారోన్. అప్పుడు రెండో తరగతి. చూడ్డానికి పుట్టినరోజు కేకు మీద నిలబెట్టిన బొమ్మలా ఉంటుంది. ఆ బొమ్మ చేతులే ఊరుకోవు. పెన్సిల్ లాక్కున్నవాడికి ఒకటి, వరసలో ముందుకు తోసుకొచ్చిన పిల్లకు ఒకటి, ఊరికే నవ్వినవాడికి రెండు. సాయంత్రం స్కూలు గేటు దగ్గర ఎవరో ఒక తల్లి నాకోసం కాచుకుని ఉండేది. చివరికి క్లాసు టీచరు నన్ను పిలిపించింది.

"ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందంటే మీరు టీసీ తీసుకోవాల్సి వస్తుందమ్మా. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

నా భయం సంగతి మీకు తెలియదు. పాప ఒక్కసారి తుమ్మితే నా ఆలోచన ఆస్పత్రి దాకా వెళ్లి, అక్కడ మంచం కూడా చూసుకుని వస్తుంది. టీసీ అన్న మాట వినగానే షారోన్ పెద్దదైపోయి, జైలు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. మా ఆయన శాంతిపురం దగ్గర గ్రానైట్ కంపెనీలో పనిచేస్తాడు, వారానికొకసారి ఇంటికి వస్తాడు. ఫోన్ చేసి ఏడిస్తే, "ఎవుర్ని సూసి నేర్సుకునిందో మరి!" అన్నాడు. ఫోన్‌లో అన్నాడు కాబట్టి బతికిపోయాడు.

దాన్ని కొట్టి మాన్పించలేను. కొట్టకూడదని కొట్టి చెప్పడం ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు, ఒకటి రెండుసార్లు చేశాను కూడా. అందుకని నాటకం రాద్దామనుకున్నాను.

మా చర్చిల్లో ఏటా యువజనుల కూడిక జరుగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లందరూ ఒకచోట చేరతారు. ఊరికొక నాటకం వేస్తారు. ఎప్పుడూ బైబిలు కథలే, ఎప్పుడూ అవే దుప్పట్లు, అవే గడ్డాలు. ఈసారి మదనపల్లె తరఫున నేను సైన్స్ ఫిక్షన్ రాస్తానన్నాను. కాలేజీ రోజుల్లో అవి తెగ చదివాను. ప్రతిదానిలోనూ ఒక గురువు ఉంటాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, అన్నీ తెలుసు, ఒక్కటే చెబుతాడు: కోపం వద్దు నాయనా. కథ సగానికి వచ్చేసరికి ఆ పెద్దమనిషే అంగీ విసిరేసి, గాల్లోకి లేచి, డజను మందిని గోడకేసి కొడతాడు! మరి ఆ చెప్పిందంతా ఏమైనట్టు? ఆ చోటికి రాగానే పుస్తకం మూసి మంచం మీదకు విసిరేసేదాన్ని. నా కథలో గురువు అలా చేయదు. వేలు కూడా ఎత్తదు. షారోన్ అది చూస్తుంది. చూసి మారుతుంది. నా ప్లానంతా అంతే.

కథ చెబుతాను. నీళ్లింకిపోయిన ఒక గ్రహం. అక్కడ వాన కురిపించే యంత్రం తయారుచేసిన ఒక అవ్వ. ఆమె దగ్గర చదువుకునే ఒక చిన్నపిల్ల, అంటే మా షారోన్. యంత్రాన్ని ఎత్తుకుపోవడానికి ఒక దుర్మార్గపు కమాండర్ వస్తాడు. అవ్వ తన మాటలతోనే అతని మనసు మారుస్తుంది. వాన కురుస్తుంది. తెర పడుతుంది.

కమాండర్ వేషం మా తమ్ముడు సుధీర్‌ది. వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు వచ్చి రిహార్సలు చేయించేవాడు. మోటారుసైకిల్ హెల్మెట్‌కు వెండి కాగితం అతికించి, టొమాటో చేలో మందు కొట్టే స్ప్రేయరును తుపాకీ చేసుకున్నాడు. టొమాటో క్రేట్లు పేర్చి అంతరిక్ష నౌక కట్టాడు. అంతవరకు బాగానే ఉంది. కథ మొత్తం చదివి తలెత్తాడు.

"అక్కా, అవ్వకు ఫైటింగ్ యాడ పెట్నావు?"

"పెట్టలేదు."

"మర్సిపోయినావా?"

"మర్సిపోలేదురా. అవ్వ కొట్టదు. మాట్లాడతాది."

"ఎంతసేపు?"

"రెండు పేజీలు."

అంతరిక్ష నౌక కూలిపోయిందని చెప్పినా వాడి మొహం అంత మాడిపోయేది కాదు.

"రెండు పేజీలు మాట్లాడితే ఎవురు కూసుంటారక్కా? కుప్పమోళ్లు లేసి బస్సెక్కేస్తారు. సరే, ఆమె చేతిలో కట్టె యాల మల్ల?"

"ముసలామె గదా. నడిసేదానికి."

"నడిసేదానికైతే లైట్లు యాల?"

ఆ కట్టెకు, అంటే ప్లాస్టిక్ పైపుకు, క్రిస్మస్ సీరియల్ లైట్లు చుట్టింది నేనే.

"చీకటి గ్రహంరా అది! నీకేమైనా తెలుసునా?" అని అరిచాను.

"అరుస్తాండావు సూడు. అవ్వ గూడా ఇట్లనే అరిసిందంటే బాగుంటాది."

మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్త అందుకుంది. ఆమె మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఏ విషయంలోనైనా ఆమెదే ఆఖరి ఇంజెక్షను.

"అమ్మా, వాడు చెప్పేదాంట్లో కొంచెం న్యాయముండాది. ఆ అవ్వకు కొట్టను సేతనైతాదని జనానికి తెలియాల. తెలిసినాక కొట్టకుండా ఉండాల. అప్పుడు గొప్ప. కొట్టను సేతగానామె కొట్టకపోతే దాంట్లో ఏముండాది? నేను గూడా విమానం నడపడంలేదు. నన్నెవురన్నా మెచ్చుకుంటాండారా?"

"అత్తా, అవ్వే అందర్నీ పడగొట్టేస్తే ఆ పిల్ల ఎందుకు కథలో? సూసి చప్పట్లు కొట్టేదానికా? గురువు ఒక్క దెబ్బ కొడితే చాలు, ఆమె చెప్పిన మాటలు ఒక్కటీ గుర్తుండవు. ఆ దెబ్బే గుర్తుంటుంది!"

ఈ మాట నేనే అన్నాను. మా అత్త సాక్షి, సుధీర్ సాక్షి, చిక్కుడుకాయలు సాక్షి.

ఇక అవ్వ వేషానికి మనుషులను వెతకడం. అడిగిన ప్రతి ఒక్కరూ ముందు అడిగింది ఒకటే: "ఫైటింగ్ ఉండాదా?" లేదంటే మోకాళ్ల నొప్పులు. కాయిర్‌లో పాడే ఒకావిడ అయితే, "ఒక్క తన్నైనా పెట్టు పాపా, నేను కుంగ్‌ఫూ సినిమాలు సూస్తా" అని బతిమాలింది. అరవై దాటిన మనిషి! ఈ లోకంలో మాట్లాడి ఊరుకునే జ్ఞానికి చోటే లేదని నాకు ఒళ్లు మండిపోయింది. పోండి, నేనే వేస్తానన్నాను. ఆస్పత్రి దూదితో జుట్టు అతికించుకున్నాను. పెద్ద వాన తర్వాత మా గేటు దగ్గర వణుకుతూ నిలబడే గొర్రెలా తయారయ్యాను.

కూడిక రోజు వచ్చింది. మా నాటకం మొదలైంది. జనం నిశ్శబ్దంగా చూస్తున్నారు, నిజంగానే చూస్తున్నారు. కమాండర్ వచ్చాడు. షారోన్ తలకు స్ప్రేయరు గురిపెట్టాడు. అది రెండు చేతులూ పైకెత్తి, కళ్లు ఇంత చేసుకుని నావైపు తిరిగింది. ఆ రెండు పేజీలు మొదలవ్వాల్సింది అక్కడే. ఎవరు విన్నా వినకపోయినా, అది వినాలని రాసిన రెండు పేజీలు. మైకు ముందుకు వచ్చి, "బిడ్డా..." అన్నాను.

"ఒక్క నిమిసం, ఒక్క నిమిసం!"

కూడిక నడిపిస్తున్న చర్చి సెక్రటరీ జయపాల్ అంకుల్. మంచి మనిషే, చేతిలో మైకు లేనప్పుడు. నన్ను పక్కకు జరిపి స్టాండు నుంచి మైకు పీక్కున్నాడు.

"మన ముఖ్య అతిథిగారు ఇప్పుడే వచ్చి ఉండారు. సారుకు కుప్పంలో ట్రైను ఉండాది. కాబట్టి ఈ సందర్భంగా శాలువాతో సత్కరించుకుందాం."

ఏ సందర్భం? మా పాప తలకు తుపాకీ గురిపెట్టిన సందర్భమా? మన ఊళ్లలో శాలువాకు వేళాపాళా ఉండదని నాకు తెలుసు. పెళ్లిలో తాళి కట్టేవాణ్ణి కూడా ఆపి కప్పగలరు. ఓర్చుకున్నాను. నేను అవ్వను గదా. అతిథిగారు స్టేజీ ఎక్కారు. శాలువా కప్పారు. ఫోటో తీశారు. ఫోటో సరిగ్గా రాలేదని శాలువా తీసి మళ్లీ కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన తన చిన్నతనం నుంచి మొదలుపెట్టాడు. షారోన్ చేతులు దించలేదు. సుధీర్ స్ప్రేయరు దించలేదు. "అమ్మా, చేతులు నొప్పి" అని అది గుసగుసగా అంటే, "ఓపిక పట్టు తల్లీ, ఓపికే గొప్ప" అని అవ్వలాగే చెప్పాను.

అతిథిగారు ఐదో తరగతి దాటి ఆరుకు వచ్చేసరికి ట్రైను గుర్తొచ్చి ఆగాడు, స్టేజీ మాత్రం దిగలేదు. నేను ముందుకు జరిగాను. "బిడ్డా..."

"ఒక్క నిమిసం. టెంటు, సౌండు ఇచ్చిన తమ్ముడిని గూడా వేదిక మీదికి పిలుస్తాండాము."

దానికీ ఓర్చుకున్నాను. పళ్లు కొరుకుతుంటే ఆ చప్పుడు నాకే వినిపిస్తోంది. ఆ తమ్ముడికీ శాలువా అయింది. మూడోసారి నేను నోరు తెరిచేలోపలే జయపాల్ అంకుల్ చేతిగడియారం చూసుకున్నాడు.

"పిల్లలు చానా బాగా చేసినారు. నాటకం ఈడితో ముగించుకుందాం. ఆడ బిరియానీ సల్లారిపోతాంది. అయ్యగారు వచ్చి ముగింపు ప్రార్థన..."

"అంకుల్, ఇంకా అయిపోలేదు!"

"అర్థమైపోయిందిలేమ్మా. మంచోళ్లు గెలుస్తారు. అంతే గదా."

"మైకియ్యండి."

"తర్వాత చెప్పుదువులే తల్లీ, అన్నం తినేటప్పుడు."

నా రెండు పేజీలు! నా బిడ్డ టీసీ! అన్నం తినేటప్పుడట! నేను మైకు పట్టుకున్నాను. ఆయన వదలలేదు. అటు లాగాడు, ఇటు లాగాను. ఆ తర్వాత నా కుడిచేయి ఏం చేసిందో నన్నడగకండి, దాన్నే అడగండి. లైట్ల కట్టె గాల్లోకి లేచి జయపాల్ అంకుల్ భుజం మీద ఠప్పుమని పడింది. ఎర్రలైట్లు రెండు టపటపమని పేలాయి.

ముఖ్య అతిథిగారు శాలువాతో సహా అంతరిక్ష నౌక వెనక దాక్కున్నాడు. ఆ వెంటనే కుప్పం వాళ్ల వరసలోంచి ఈల వచ్చింది. తర్వాత ఆవరణంతా హోరు.

"అవ్వా! ఇంకొకటి ఏయవ్వా!"

సుధీర్ అయితే సంతోషంతో హెల్మెట్ తీసి పైకి విసిరాడు. "అక్కా, ఈసారి తిరిగి ఏయి! స్లోగా తిరిగి!"

జయపాల్ అంకుల్ భుజం పట్టుకుని జనం వంక చూశాడు. ఆయన జీవితంలో మైకు పట్టినప్పుడు ఎవరూ ఈల వేసి ఉండరు. ఇదంతా నాటకమే అనుకుంటున్నారని ఆయనకు అర్థమైంది. చటుక్కున మైకులో, "అయ్యో! నా కుట్ర ఫలించలేదు!" అని అరిచి, రెండు చుట్లు తిరిగి, టొమాటో క్రేట్ల మీద పడి చచ్చిపోయాడు. ఎంత బాగా చచ్చాడో చెప్పలేను.

మైకు దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. నాకు అప్పటికీ బుద్ధి రాలేదు. దాన్ని తీసుకుని, దూది జుట్టు సగం ఊడి మొహం మీద వేలాడుతుండగా, సెక్రటరీ శవం పక్కన నిలబడి, మొదలుపెట్టాను:

"బిడ్డా, తెలివి గలవాళ్లు ఎన్నటికీ చెయ్యెత్తరు..."

ఆ నవ్వు పలమనేరు దాకా వినిపించి ఉంటుంది. శవం కూడా నవ్వింది. రెండో పేజీ ఎవరికీ వినపడలేదు. ఉత్తమ నటుడి బహుమతి జయపాల్ అంకుల్‌కు ఇచ్చారు. శాలువా కప్పారు. ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ కప్పారు. నేను ఆయన దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగితే, "వచ్చే ఏడు గూడా నన్నే కొట్టమ్మా" అన్నాడు. ఆ దొడ్డమనసుకు కూడా నాకు కోపమే వచ్చింది.

మదనపల్లెకు తిరిగొచ్చే బస్సులో షారోన్ నా ఒళ్లో కూర్చుని కట్టెకు మిగిలిన లైట్లను ఒక్కొక్కటే ముట్టుకుంటూ వచ్చింది. అయిపోయింది, నా చేతులతో నేనే నేర్పించాను అనుకున్నాను. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడ్డాను. చివరికి మోగనే మోగింది. క్లాసు టీచరు.

"మీ షారోన్ చాలా మారిపోయిందమ్మా. ఇప్పుడు ఒక్కరి మీద కూడా చెయ్యి వేయడం లేదు. టీసీ మాటే లేదు." నేను గోడకు ఆనుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంటుండగా ఆమె ఆగి, "కాకపోతే మీరొకసారి రావాలి" అంది.

వెళ్లాను. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే క్లాసు మొత్తం లేచి నిలబడింది. వెనక బెంచీలో ఒక పిల్లవాడు ఎవరూ అడగకుండానే పెన్సిల్ తీసి షారోన్ చేతిలో పెట్టాడు. టీచరు నన్ను వరండాలోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి చెప్పింది. మా బంగారుతల్లి ఎవరైనా తన జోలికి వస్తే చేతులు కట్టుకుని, ఎంతో నెమ్మదిగా అంటోందట:

"నేను కొట్టనప్పా. కొట్టేది మా ఇంట్లో మా అమ్మ. సెక్రటరీ అంకుల్నే సంపేసింది. పిలవమంటావా?"

టీచరు కొంచెం దూరంగానే నిలబడి, "పిల్లలు హోంవర్కు కూడా మానడం లేదమ్మా. వీలైతే శుక్రవారం పూట అలా గేటు దాకా వచ్చి కనిపించి వెళ్తారా?" అని అడిగింది.

కాబట్టి, ఇంటిల్లిపాదీ సాక్షిగా, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేస్తున్నాను. ప్రాణం ఉన్నంతవరకు ఏ గ్రహం మీదా, ఏ స్టేజీ మీదా జ్ఞానం గల ముసలమ్మ వేషం మళ్లీ వేయను. దూది ముట్టను, లైట్ల కట్టె ముట్టను. కానీ గురువు అనేవాళ్లు ఫైటింగ్ చేయకూడదన్న నా మాట మాత్రం చచ్చినా వెనక్కి తీసుకోను. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే మదనపల్లెకు వచ్చి నా ఎదురుగా నిలబడి అనమనండి, చూసుకుంటాను.