ఉప్పు వ్యాగన్‌లో మొదటి అడుగు

మొన్న మా కోడలు మామిడికాయ ముక్కల్లో ఉప్పు కలుపుతూ ఉన్నట్టుండి "ఇస్స్" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. పొద్దున కత్తిపీటకు వేలు తెగిందట. ఆ సంగతి ఆమె మరిచిపోయింది, ఉప్పు మరిచిపోలేదు. నేను గడప దగ్గర కూర్చుని పత్రిక చదువుతున్నాను. చదువుతున్న వాక్యం అక్కడే ఆగిపోయింది. చిన్న చప్పుడే అది. కానీ నా పడుచు వయసులో చాలా పొద్దులు ఆ చప్పుడుతోనే మొదలయ్యాయి. అది ఒక్కరు చేసేది కాదు, ఒక హమాలీ జట్టు మొత్తం ఒకరి వెనక ఒకరు చేసేది. గూడ్సు రైలు పెట్టెలో, నాలుగు ఇనుప గోడల మధ్య అది పెద్దదై బయటికి వచ్చేది.

అప్పట్లో ఆదిలాబాద్‌కు చిన్న పట్టాల మీద రైలు వచ్చేది. ప్రయాణికుల బండి గురించి తలుచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు మాత్రం సరుకుల బండి, మాల్‌గాడీయే గుర్తు. స్టేషన్ అవతలి కొసన సరుకులు దించే పొడవాటి గచ్చు అరుగు, దాని మీద రేకుల షెడ్డు ఉండేవి. మరాఠీవాళ్ల మాట అలవాటై మేమూ దాన్ని మాల్‌ధక్కా అనేవాళ్లం. అక్కడ నేను బస్తాల మూతులు కుట్టేవాణ్ణి. చేతిలో దబ్బనం, భుజం మీద సుతిలి తాడు, ముందర నిలబెట్టిన బస్తా. బడి చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, వ్యాగన్లు రాని మధ్యాహ్నాల్లో శాఖా గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేవాణ్ణి. అక్కడి గ్రంథపాలకుడు మొదట నా చేతులు చూసి, కడుక్కుని రమ్మన్నాడు. ఉప్పు తగిలిన పేజీలు వానాకాలంలో చెమ్మ పట్టి అంటుకుపోతాయన్నాడు. అది నిజమేనని తర్వాత నేనే ఒక భూగోళం పుస్తకం పాడుచేసి తెలుసుకున్నాను.

మా దగ్గరికి వచ్చే ఉప్పు గుజరాత్ సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్లలో ఎండిందనీ, అక్కడి నుంచి మా ఊరి దాకా అన్నీ చిన్న పట్టాలే కాబట్టి దారిలో ఎక్కడా వేరే బండికి మార్చే పని లేకుండా అదే పెట్టెలో వస్తుందనీ నేను పుస్తకాలు, పటాలు చూసి పట్టుకున్నాను. గొప్పగా వెళ్లి జట్టుకు చెప్పాను. జట్టులో వయసులో పెద్దవాడు, ఖానాపూర్ నుంచి వచ్చాడు కాబట్టి అందరం ఖానాపూర్ మామ అని పిలిచేవాళ్లం, ఆయన తంబాకు నలుపుకుంటూ విని, "అయితే సముద్రం సూడకున్నా దాన్ని మోసినోళ్లమైతిమి" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా పటాలన్నీ చిన్నబోయాయి.

ఒక్కో సరుకుకు ఒక్కో రకం వ్యాగన్ వచ్చేది. పత్తి బేళ్లు ఎక్కించే వ్యాగన్‌కు పెళ్లివారి వాకిలికి జరిగినంత మర్యాద జరిగేది. దాన్ని ఊడ్చి, తుడిచి, తలుపులు మూసి లోపల నిలబడి, నిప్పురవ్వ దూరే సందు ఎక్కడైనా ఉందేమోనని వెలుతురు కోసం చూసేవారు. టేకు దుంగలు కప్పులేని వ్యాగన్లలో పోయేవి. బెల్లం వచ్చిన పెట్టెలో చీమలు కూడా టికెట్ లేకుండా ప్రయాణం చేసి దిగేవి. ఉప్పుకు మాత్రం వయసు మళ్లిన పెట్టెలే. ఉప్పు ఇనుమును తింటుంది కదా, తినగా మిగిలిన వాటినే దానికి వదిలేవారు. నాలుగు చక్రాలు, మధ్యలో రెండు రెక్కల తలుపు, గొళ్లేనికి చుట్టిన తీగ మీద సీసం ముద్ర. తలుపు సందుల్లో గోనెముక్కలు కుక్కి ఉండేవి. ముద్ర తెంపి తలుపు లాగితే తుప్పు పొలుసులు మీద రాలేవి, ఆ తర్వాత చల్లటి, తడి వాసన వచ్చేది. లోపల మసకలో బూడిదరంగు గుట్ట.

ఉప్పు బస్తాల్లో కట్టి వచ్చేది కాదు, అలా గుట్టగా పోసే వచ్చేది. జట్టు లోపలికి దిగి పారలతో బస్తాలకు నింపాలి. జనం తినే సరుకు కాబట్టి చెప్పులతో దిగకూడదు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు, మా మేస్త్రీ మాత్రం దాన్ని తప్పనిచ్చేవాడు కాదు. ఆయన్ని ఊరంతా చాచా అనేది. తలుపు దగ్గర బకెట్‌తో నీళ్లు పెట్టించి, ఒక్కొక్కడు కాళ్లు కడుక్కుని ఎక్కేదాకా పక్కనే నిలబడేవాడు. హమాలీ కాళ్లకు పగుళ్లు లేకుండా ఉండవు, కడిగిన పగుళ్లకు ఉప్పు ఇంకా బాగా పట్టేది. మొదటి అడుగుకు "ఇస్స్", రెండో అడుగుకు ఒక బూతు, మూడో అడుగుకు నవ్వు. అది అయ్యాకే పారలు చేతికి తీసుకునేవారు.

అలా అననివాడు మా అన్న ఒక్కడే. నాకంటే పెద్దవాడు, ఎత్తరి, తక్కువ మాట్లాడేవాడు. ఇంటి గడప దిగినట్టు ఉప్పులోకి దిగేవాడు.

"మండుతలేదారా నీకు?" అని ఖానాపూర్ మామ అడిగేవాడు.

"ఏం మండుతది మామా, ఉప్పే గదా."

"మాకు గూడ ఉప్పే. నీ ఒక్కనికేమన్న చక్కెర పంపిండ్రా సేట్లు?"

ఒకరోజు చాచా నవ్వి, "గీడు మర్దు, మొగోడు. ముందుగాల గీన్నే దిగనీయుండ్రి" అన్నాడు. ఆ మాట అలవాటైంది, అలవాటు ఆచారమైంది. కొత్త వ్యాగన్ తలుపు తెరిస్తే అన్న దిగందే మరొకరు దిగేవారు కాదు. అన్నకు ఆలస్యమైతే తలుపు తెరిచి పెట్టుకుని అందరూ బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవారు. పత్తి జట్టువాళ్లు కూడా పని ఆపి చూడ్డానికి వచ్చేవారు. ఇంటి దగ్గర నల్లా కాడ వదిన, "మా ఆయన కాల్ల ముల్లు గుచ్చుకుంటే ముల్లే ఇరుగుతది" అని చెప్పుకునేది. మా ఇంట్లో మరొకరికి దేనిలోనూ మొదటి స్థానం వచ్చిన గుర్తు లేదు. ఏళ్ల తరబడి మేమందరం దాన్ని గట్టితనమనే అనుకున్నాం. ఆ పనిలో ఉన్నవాళ్లకు మరో రకంగా అనుకునే వీలు కూడా లేదు.

ఒక వేసవి పొద్దున వ్యాగన్ సగం ఖాళీ అయ్యాక, నా ముందు నిలబెట్టిన బస్తాలో పైన ఉప్పు గులాబీ రంగులో ఉంది. రంగు ఎక్కడిదా అని లోపలికి తొంగిచూశాను. తెల్లటి ఉప్పు మీద అడుగులు, ఒక కాలిది మామూలుగా, ఒక కాలిది ఎర్రగా. వ్యాగన్ నేల రేకు ఊడి కొస లేచి ఉంది. అది అన్న పాదాన్ని మడమ దాకా చీల్చింది. అన్న ఆ కాలితోనే నిలబడి పార వేస్తున్నాడు. చాచా కేకేస్తే కిందికి చూసుకుని, "అరె, ఎప్పుడయ్యింది" అన్నాడు, చొక్కా గుండీ ఊడిందని చెబితే అన్నట్టు. జట్టు నవ్వింది. ఖానాపూర్ మామ "ఉక్కు కాల్లు" అన్నాడు. రక్తం తగిలిన ఉప్పును చాచా ఎత్తిపోయించాడు. నేను నవ్వానో లేదో గుర్తులేదు. అక్కడ చిరిగింది గోనెసంచి కాదు, మనిషి కాలు. దాని మీద ఉప్పు.

చేతికి ఏది దొరికితే అది చదివే అలవాటు నాది. గ్రంథాలయంలో ఆరోగ్య శాఖవాళ్లు పంచిన చిన్న పుస్తకాలు ఒక మూల కట్టగా పడి ఉండేవి, వాటిని కూడా వదల్లేదు. ఒకదానిలో స్పర్శ తెలియని మచ్చల గురించి చదివినట్టు లీలగా గుర్తుంది. మళ్లీ వెళ్లి తీసి చదివాను. కళ్లు మూసుకోమని చెప్పి దూదిపోగుతో తాకి చూడాలని ఉంది. మాల్‌ధక్కాలో పనిచేసేవాడి జేబులో దూదికి కొదవ లేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్న వాళ్ల ఇంటికి వెళ్లాను. వదిన చాటలో బియ్యం ఏరుతోంది. అన్న కాలికి గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గాయం లేని రెండో కాలికి మోకాలి కింద పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది, నేను ఎన్నోసార్లు చూసిందే. కళ్లు మూసుకో, తాకినప్పుడు చెప్పు అన్నాను. మంచి కాలి మచ్చ మీద, పాదం మీద, వేళ్ల మీద పోగుతో తాకాను. తర్వాత వేలితో నొక్కాను. అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇంకా షురు చేస్తలేవేందిరా?" అన్నాడు.

వదిన చూసింది. ఆమె చేతులు ఆగలేదు, ఒక వడ్లగింజ తీసి పక్కన వేసింది. నేను పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. అది పెద్దరోగం, కుష్టు కావచ్చని, మందు ఉందని, మందుతో నయమవుతుందని చెప్పాను. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. నేనూ పాఠం అప్పజెప్పినట్టే చెప్పాను.

"ఎవ్వలకు చెప్పకు మరిదీ. జట్టుల తెలిస్తే ఉప్పు ముట్టనియ్యరు" అంది వదిన.

అన్న కాలి కట్టు సవరించుకుంటూ, "రేపు కొత్త వ్యాగన్ ఉన్నది" అన్నాడు. అతని బెంగ అంతా అక్కడే ఉంది. పనిలోంచి తీసేస్తే మరో పని తెలియదు, మరో చోట తనకు ముందు దారి ఇచ్చేవాళ్లు లేరు.

మర్నాడు కాలికి గుడ్డ గట్టిగా బిగించుకుని వచ్చాడు. ముద్ర తెంచారు, తలుపు లాగారు. అన్న కాళ్లు కడుక్కుని, తలుపు కమ్మీ పట్టుకుని ఎక్కి, ఒక కాలు ఎత్తి "ఇస్స్" అన్నాడు.

జట్టు గొల్లున నవ్వింది. "గట్టోడు మెత్తవడ్డడురో" అన్నాడు ఖానాపూర్ మామ, ఎవరి పెళ్లి కుదిరినా అంత సంతోషపడేవాడు కాదు. అందరూ నవ్వుతుంటే చాచా మాత్రం నవ్వలేదు. ఆయన తలుపు పక్కనే, అన్న పాదానికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అన్న నడుము మీద చెయ్యి వేసి, పక్కనే ఉన్న నాకు తప్ప మరొకరికి వినపడకుండా అన్నాడు:

"బేటా, కాలు ఇంక గాల్లనే ఉన్నది. మంట ఎక్కడికెల్లి వచ్చింది?"

అన్న కాలు అలాగే ఉంచాడు. దించలేదు, వెనక్కి తీయలేదు.

"ఎప్పటిసంది తెలుస్తలేదు?"

"తెల్వది చాచా" అన్నాడు అన్న. "జట్టుల పేరు కొట్టెయ్యకు చాచా" అన్నాడు.

"పేరు సంగతి తర్వాత. చెప్పులు ఏస్కో, దవఖానకు పోదాం."

ఆ రోజు ఆ వ్యాగన్‌లోకి ముందు ఎవరు దిగారో నాకు గుర్తులేదు. ఎవరో ఒకరు దిగే ఉంటారు, సాయంత్రానికి ఉప్పంతా బస్తాల్లోకి వచ్చింది, నేను మూతులు కుట్టాను.

డాక్టరు పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. రోగం పోతుంది, మందు మొదలయ్యాక ఎవరికీ అంటదు, కానీ పోయిన స్పర్శ తిరిగి వచ్చే ఆశ తక్కువ, ఒట్టి కాళ్లతో ఇక నడవకూడదు. చెప్పులతో ఉప్పులోకి దిగకూడదు, చెప్పులు లేకుండా అన్న దిగకూడదు. చాచా అన్న పేరు కొట్టెయ్యలేదు. షెడ్డు నీడలో కుండ పెట్టించి, జట్టుకు నీళ్లు పోసే పని ఇచ్చాడు. అందర్నీ నిలబెట్టి, "డాక్టర్ సాబ్ చెప్పిండు, అంటదు. ఎవ్వలకన్న ఏమన్న ఉంటే నాతోని అనుండ్రి" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే చాచా జవాబైనా చెప్పేవాడు.

జట్టువాళ్లు మాత్రం స్టేషన్ అవతలి నల్లాకు వెళ్లి తాగి వచ్చేవారు. ఎండలో పట్టాలు దాటి వెళ్లి, పట్టాలు దాటి వచ్చేవారు. ఖానాపూర్ మామ ఇంటి నుంచి సీసా తెచ్చుకునేవాడు. అన్నతో ఎప్పటిలాగే పరాచికాలాడేవాడు, అన్న పక్కనే కూర్చుని తన సీసాలో నీళ్లు తాగేవాడు. కుండలో నీళ్లు చాచా తాగేవాడు, నేను తాగేవాణ్ణి. సాయంత్రం అన్న కుండ వంచి, మిగిలిన నీళ్లు షెడ్డు గోడ వారన పారబోసి, బోర్లించి ఇంటికి వచ్చేవాడు. ఎండాకాలం వెళ్లాక కుండ తీసేశారు, అన్న రావడం మానేశాడు. రావద్దని ఎవరూ అనలేదు, ఎందుకు రాలేదని చాచా తప్ప ఎవరూ అడగలేదు. తర్వాత ఉప్పు లారీల్లో రావడం మొదలైంది, చిన్న పట్టాలు పీకి పెద్ద పట్టాలు వేశారు. జట్టు ఎటు పోయిందో జట్టుకే తెలియదు.

అన్న ఇప్పుడు మా పక్క వీధిలోనే ఉంటాడు. రోగం ఎప్పుడో పోయింది, రెండు కాలివేళ్లు పోయాయి. మెత్తటి బూట్లు వేసుకుని బజారుకు వెళ్లి వస్తాడు. ఆ వేసవి గురించి ఒకసారి అడిగాను. "ఏమనిపించిందన్నా అప్పుడు?" అంటే, "ఏం అనిపియ్యలేరా" అన్నాడు. అబద్ధం కాదనే అనుకుంటాను. స్నానానికి ముందు వదిన తన చెయ్యి పెట్టి చూశాకే నీళ్లు అతని కాళ్ల మీద పోస్తుంది. పొద్దుగూకే వేళకు అరుగు మీద కూర్చోబెట్టి, బూట్లు విప్పి, పాదాలు ఒళ్లో పెట్టుకుని, రాయి గుచ్చుకుందా, తోలు లేచిందా అని వేలు వేలు విడదీసి వెతుకుతుంది. అన్న ఆ సేపంతా వీధివైపు చూస్తూ ఉంటాడు. మాకందరికీ గడిచిన కాలం ఒంట్లో తెలిసిపోతూనే ఉంటుంది. అన్నకు మాత్రం ఏ రోజుకారోజు తన మీదుగా ఎలా నడిచి వెళ్లిందో సాయంత్రం వదిన చూసి చెప్పాలి.