మత్తు డాక్టరు గారు లేని ఆసుపత్రి

మా మత్తు డాక్టరు గారు పోయారు. కబురు తెలిసేసరికి నేను ఓపీలో ఉన్నాను. ఫోన్‌లో ఆయన భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, నిదానంగానే మాట్లాడారు.

“పొద్దున్న టీ తాగి పేపరు పట్టుకున్నారమ్మా. అలా కూర్చునే ప్రభువు దగ్గరికెళ్లిపోయారు. ఇవాళ మీరు ఆయన కోసం చూస్తుంటారు కదా, అందుకే ముందు మీకు చేశాను.”

నిజమే, చూస్తున్నాం. సిజేరియన్‌కి సిద్ధం చేసిన అమ్మాయి వార్డులో ఉంది. ఏడవడానికి ముందు, ఆమెను విశాఖపట్నం పంపడానికి అంబులెన్స్ మాట్లాడాల్సి వచ్చింది.

నగరం దాటి చాలా దూరం వచ్చాక, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నేను కాన్పుల డాక్టర్ని. చుట్టూ వేటకెళ్లే వాళ్ల పల్లెలు. ఆపరేషన్ నేను చేయగలను. మత్తు ఇచ్చే డాక్టరు పక్కన లేకపోతే మాత్రం కత్తి ముట్టుకోలేను. ఆ పోస్టులో ఎవరో చేరతారు, కొన్నాళ్లకే వెళ్లిపోతారు. రిటైరై నగరంలోని కంచరపాలెంలో ఉంటున్న ఆయన్ని అడిగితే, “ఎవరైనా వచ్చేదాకా వస్తానమ్మా” అన్నారు. ఎవరూ రాలేదు. ఆయన వస్తూనే ఉన్నారు.

ఎవరినైనా ఆయన ముందు అడిగే మాట ఒకటే. “ఏటి తిన్నావమ్మా? ఎప్పుడు తిన్నావు?” కడుపులో ఏముందో తెలియకుండా మత్తివ్వడం ప్రమాదం కాబట్టి అడిగేవారు. పల్లెల్లో మాత్రం, మత్తు డాక్టరు బాబు తిన్నావా అని అడిగి మరీ మందిస్తాడని చెప్పుకునేవారు. అదీ అబద్ధం కాదు.

వెన్నులో సూది అనగానే బిగుసుకుపోయే ఆడవాళ్లతో, “సేపలు కోసినప్పుడెలా ఒంగుతావు? అలా ఒంగు” అనేవారు. ఒకావిడ అంత నొప్పిలోనూ “ఏ సేప బాబూ?” అంది. “వంజరం. పెద్దది. కదిలితే జారిపోద్ది” అన్నారు. ఆవిడ కదల్లేదు.

ఒక ఆదివారం ప్రార్థన వేళ ఫోన్ చేశాను. తల్లికి ఆగకుండా రక్తం పోతోంది. ఆయన వచ్చేదాకా ఇక్కడ రక్తం ఎక్కిస్తూ నిలపగలం గానీ, అంబులెన్స్‌లో కదిలిస్తే దక్కదు. తెల్ల చొక్కాలో స్కూటర్ మీద వచ్చారు, వెనక బైబిలు పట్టుకుని ఆంటీ. ఈ వయసులో ఆయన్ని ఒంటరిగా అంత దూరం బండి మీద పంపనని ఆవిడా మందిరంలోంచి లేచి వచ్చేశారు. మేం లోపల ఉన్నంతసేపూ ఆవిడ వరండాలో కూర్చుని, మధ్యలో ఆగిన ప్రార్థన పూర్తి చేసుకున్నారు. తల్లీ బిడ్డా దక్కారు.

తర్వాత ఆయనకే గుండె జబ్బు చేసింది. ఆయన నగరంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, మా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. వెంటనే తీస్తే బతికే బిడ్డ. నాకు తెలిసిన ప్రతి మత్తు డాక్టరుకీ ఫోన్ చేశాను, ఎవరి థియేటర్లో వాళ్లున్నారు. చివరికి అంబులెన్స్ ఎక్కించాను. తల్లి మాత్రమే తిరిగొచ్చింది.

కోలుకున్నాక విషయం విని, ఆయన నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. ఆ అమ్మాయి అత్తగారు కుర్చీ వేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, “నువ్వుంటే మా పిల్లడు బతికేవోడు బాబూ” అంది. ఆవిడ అన్నది నిందగా కాదు, నమ్మకంతోనే. ఆయన మాత్రం తల ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు “మీ తప్పేం లేదు సార్” అన్నాను.

“నా తప్పని నాను అనలేదమ్మా. ముసిలోడి గుండెని నమ్ముకుని ఆపరేషన్ థియేటర్ నడుపుతున్నారు. తప్పు అదీ.”

వచ్చినవాళ్లు నిలబడడం లేదని నేను కుర్రడాక్టర్లని విసుక్కుంటే ఒప్పుకునేవారు కాదు. “ఒక్కడినే వేస్తే ఎలా ఉంటాడు? పగలూ వాడే, రాత్రీ వాడే, జొరమొస్తే సెలవుండదు. ఇద్దర్నో ముగ్గుర్నో వెయ్యమను. ఉంటారు.” పై అధికారులు ఎవరొచ్చినా ఇదే చెప్పేవారు. వాళ్లు తలూపి, ఆయనకి శాలువా కప్పి వెళ్లేవారు.

ఆయన్ని సాగనంపిన రోజు సమాధుల తోటలోనూ వచ్చినవాళ్లు అలాగే పొగిడారు. ఒంటిచేత్తో ఆసుపత్రిని నిలబెట్టారని ఒక పెద్దాయన అన్నారు. అందరూ కళ్లొత్తుకున్నారు. నాకు మాత్రం ఆ పొగడ్త వింటుంటే భయం వేసింది. ఆయన్ని ఎంత గొప్పవాణ్ని చేస్తే, ఖాళీ పోస్టు అంతగా మరుగున పడిపోతుంది. ఆయనకి నేను ఎంత రుణపడ్డానో నాకు తెలుసు. అయినా ఆయన అంత అవసరం కాకుండా ఉండాల్సింది.

భూస్థాపన అయ్యాక, పల్లె నుంచి తల్లితో వచ్చిన నిండు గర్భిణి నా పక్కకొచ్చింది. ఆమె మొదటి కాన్పు ఆపరేషనే. రెండోదానికి మా దగ్గరే పేరు రాయించుకుంది.

“మేడమ్, మరి నాకెవరు మత్తిత్తారు?”

“ఇక్కడా ఏటే అది అడగడం?” అని తల్లి కసిరింది.

“ఇంకెక్కడడగను?” అందామె.

చూస్తానన్నాను. చూడ్డానికి ఎవరూ లేరు. నొప్పులు మొదలయ్యాక దారిలో ఏమవుతుందో తెలుసు కాబట్టి, ఇప్పుడు ఇలాంటి వాళ్లని రోజులు ఉండగానే నగరానికి పంపించేస్తున్నాం. అక్కడ ఎవరో బంధువుల ఇంట్లో ఉండి కాన్పు కోసం ఎదురుచూడాలి. మొన్న ఆమెనూ అలాగే పంపాను. తలగడ, ఫ్లాస్కు, సంచీ పట్టుకుని తల్లి ముందు బస్సెక్కింది. ఆమె ఒక చేత్తో పొట్టను, ఇంకో చేత్తో కమ్మీని పట్టుకుని ఎక్కింది. కండక్టరు ఎవరినో లేపి సీటిప్పించాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె పెద్ద పిల్ల నాన్న చంకలో ఉండి చెయ్యి ఊపుతోంది. బస్సు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఆ పిల్ల ఇంకా చెయ్యి దించలేదు.