మా మేస్త్రి తోలు తిరగేసి అతికించలేదు

మేస్త్రి సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. చర్చి కమిటీ వాళ్ళు ఆటో తెచ్చి, ఆయన బల్ల మీద విప్పి ఉన్న పియానో తిత్తిని ఎత్తుకెళ్ళినారు. పెద్దమ్మను, అంటే మేస్త్రి భార్యను, ఒక్క మాట అడగలేదు. నేను పోయి సెక్రటరీ గారిని అడిగితే ఆయన చెప్పింది ఇదీ: “మీ మేస్త్రి చూపు ఆనక తోలు తిరగేసి అతికించినాడంటమ్మా. మేం పిలిపించిన కొత్తాయన సరిచేసి మూసేస్తాడులే.”

ఆ మాట తప్పు. అందుకే రాస్తున్నా.

ఇందుకూరుపేట చుట్టుపక్కల ఏ హార్మోనియం మూగబోయినా మేస్త్రి దగ్గరికే వచ్చేది. భజన మందిరానిదైనా చర్చిదైనా ఆయనకు ఒకటే. నేను రొయ్యల చెరువుల మీద నీళ్ళు చిలికే ఏరియేటర్లు రిపేరు చేస్తా. ఫోన్లో చూసి నేర్చుకున్న పని. ఒకసారి పంపు వాషరుకు తోలుముక్క కావాలని పోతే, ఊరికే ఇయ్యను, కత్తిరించడం నేర్చుకుంటే ఇస్తా అన్నాడు. అప్పట్నుంచి చెరువు పని కాగానే ఆయన ఇంటి పంచలోనే ఉండేదాన్ని.

మా చర్చిలో దొరల కాలం పియానో ఒకటుంది. దాన్ని ఎవరూ వాయించక్కర్లేదు. కింద పెడళ్ళు తొక్కితే తిత్తులు ఆడతాయి, చిల్లుల కాగితపు చుట్ట తిరుగుతుంది, వాయించే మెట్లు వాటంతటవే పడతాయి. నేను పుట్టకముందే ఆగిపోయిందంట. కంపెనీ పేరున్న రేకు ఉప్పుగాలికి రాలిపోయింది. లోపల ఏ పద్ధతో చెప్పేవాళ్ళు లేకపోయినా, బాగుచెయ్యమని కమిటీ దాని రెండు తిత్తులనూ పెడళ్ళతో సహా మేస్త్రికి పంపింది.

తిత్తి లోపలి చెక్కకు చిల్లులు, వాటికి మూతల్లాగా తోలు పట్టీలు ఉంటాయి. పాతవి పురుగు తినేసింది. మేస్త్రి చేతికి హార్మోనియమే అలవాటు కాబట్టి కొత్త పట్టీలు ఆ లెక్కనే పెట్టినాడు. గొట్టం చిల్లు మీద కాగితం పెట్టి తొక్కి చూస్తే, అది కరుచుకోకుండా గాలిపటంలాగా పైకి లేచింది. నాకు నవ్వాగలేదు.

“నవ్వు, నవ్వు,” అన్నాడు. “హార్మోనియం ఊదుతాది. ఇది పీలుస్తాది. రోగిని అడక్కుండానే మందేసినా.”

వేడినీళ్ళ గుడ్డ వేసి పట్టీలు ఊడదీసినాడు. చెక్కకు రెండోవైపు పాత బంక మరకలు సన్నగా కనపడినాయి. మొదటి పట్టీలు ఉండింది అటువైపు. అప్పట్నుంచి ఏ పెట్టె విప్పినా ఆయన ముందు చెప్పే మాట, “గీకేముందు మరక చూడాల.”

పట్టీలు అటువైపు మార్చి, గొట్టం చిల్లు దగ్గర అగరొత్తి వెలిగించినాడు. చర్చి సామానుకు అగరొత్తులేందని పెద్దమ్మ గొణిగింది. వాసన నువ్వు తీసుకో, పొగ నాకియ్యి అన్నాడాయన. నేను పెడల్ తొక్కినా. పొగ వంగి, దారం మాదిరి లోపలికి పోయింది. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి తీసినాడు.

ఇప్పుడు కొత్తాయన ఆ పట్టీలు చూసి తిరగబడినాయి అంటున్నాడు. ఆయన్ని నేను తిట్టను. మా మేస్త్రి మొదట పడిన గుంటలోనే ఆయనా పడినాడు. కానీ ఆయన వాడేది తెల్ల బంక. మేస్త్రి వాడింది వడ్రంగులు కాచే వజ్రం, అంటే తోలు, ఎముకల బంక. వీధంతా కంపు కొట్టేది, పక్కింటోళ్ళు తిట్టేవాళ్ళు, అయినా మానలేదు. అది వేడి తగిల్తే వదులుతుంది. తెల్ల బంక పెట్టి మూస్తే మళ్ళీ విప్పలేం. పీకితే చెక్కే చీలిపోతుంది. “మన తర్వాత విప్పేవాడు మనల్ని తిట్టుకోకూడదు,” అనేవాడు మేస్త్రి. ఇట్లా మూస్తే తిట్టుకోవడానికి కూడా ఇంక ఏమీ మిగలదు.

ఆయన మంచం పట్టేనాటికి ఒక తిత్తి మూసినాం, రెండోది పట్టీలు అతికించి తెరిచే ఉంది. నేను పొగ పెట్టి చూసినాకే మూయాలని నాతో ఒట్టు వేయించుకున్నాడు. పోయే ముందు పని గురించి అన్న ఆఖరు మాట అది.

కమిటీ పెద్దలారా, ఆ తిత్తి మూయొద్దు. పట్టీలు కదిలించొద్దు. వచ్చే ఆదివారం ఆరాధన గంట కొట్టేలోగా తెచ్చి మేస్త్రి పంచలో దించండి. కొత్తాయన్ని కూడా పిలవండి, అందరి ముందు అగరొత్తి వెలిగిద్దాం. తేకపోతే, ఎందుకు తేరో ఆ ఆరాధనలోనే లేచి చెప్పండి. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంటాది.

బల్ల మీద తిత్తి ఉండిన చోట దుమ్ము లేదు, చుట్టూ ఉంది. ఆ చోట పెద్దమ్మ ఏమీ పెట్టనియ్యడం లేదు. పక్కన అగరొత్తుల కట్ట మాత్రం పెట్టుకుంది.