టేకు పాపాయి, ఎర్రగడ్డం దొర పెద్దకర్మ

పాలకొల్లు చేపల మార్కెట్లో పాపాయి ఒక్క కేక వేసిందంటే, స్టేషన్లో కూర్చున్నవాళ్ళు రైలొచ్చేసిందని సంచులు సర్దుకునేవాళ్ళు. అంత గొంతుతోనూ ఆవిడ అమ్మేది ఒక్కటే చేప, టేకు. చేటంత వెడల్పున పల్చగా ఉంటుంది. వెనక కొరడాలాంటి తోక, ఆ తోకకో విషపు ముల్లు. ఆ మార్కెట్లో ఎవరి చేప వాళ్ళదే. పండుగప్ప అమ్మే మనిషి రొయ్య ముట్టుకోకూడదు, రొయ్యలమ్మే మనిషి పండుగప్ప ముట్టుకోకూడదు. పాపాయి అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఒకే సిమెంటు గట్టు మీద కూర్చుని టేకు అమ్మి పోయింది. ఆ గట్టు మీద పాపాయి మరో ఇరవై ఏళ్ళుగా కూర్చుంటోంది. ఆ గట్టు పోతే ఆవిడకి ఊళ్ళో ఇంకెక్కడా కూర్చునే హక్కు లేదు.

కోతలు కొయ్యకుండా చేప కోస్తే పులుసుకి రుచి రాదని పాపాయి నమ్మకం. "ఈ టేకుని ఒడ్డుకి లాగేసరికి రెండు పడవలు బోల్తా కొట్టాయండి. నరసాపురం రేవులో ఇంకా తడిబట్టలు పిండుకుంటున్నారు, కావాలంటే వెళ్ళి చూడండి" అనేది. ఎవరూ వెళ్ళి చూసేవాళ్ళు కాదు, చేప మాత్రం కొనుక్కునేవాళ్ళు.

రెండువేల ఏడులో ఆ ఊరికో పిచ్చి పట్టుకుంది. టీవీలో ఎర్రగడ్డం దొర ఒకాయన వచ్చేవాడు. కొండచిలువని మెడలో కండువాలా వేసుకుని, మొసలి నోట్లో మోచెయ్యి దాకా పెట్టి పళ్ళు లెక్కపెట్టేవాడు. ఆయన ఇంగ్లీషు ఊళ్ళో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. పాము బుస్సుమంటే దొర పకపకా నవ్వుతాడు, అందులో అర్థం కాకపోవడానికి ఏముంది? ఆయన ప్రోగ్రాం వచ్చే గంటసేపూ ఊళ్ళో కుక్క కూడా మొరిగేది కాదు. పాపాయి సైతం ముద్ద నోటి దగ్గర ఆపేసి, "ఓరి నీ ధైర్యం కూలా, చెయ్యి తియ్యరా బాబూ!" అని టీవీ మీదకి అరిచేది.

అందరికన్నా పెద్ద అభిమాని ఆంజనేయరాజు గారు. నలభై ఎకరాల రొయ్యల చెరువులు, బుల్లెట్ బండి, బుగ్గ మీసాలు. మార్కెట్ కమిటీ ప్రెసిడెంటు కూడా ఆయనే. ఆయన రాసిచ్చిందే గట్టు, చెరిపేసిందే గట్టు.

ఓ సోమవారం పొద్దున పక్క గట్టు మీద రొయ్యలమ్మే లాజరు పేపరు విప్పి కెవ్వుమన్నాడు.

"పాపాయక్కా, మన ఎర్రగడ్డం దొర పోయాడే! సముద్రంలో ఈతకొడుతుంటే టేకు తొడలో పొడిచేసిందంట!"

పాపాయి చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ ముల్లు నొప్పి ఆవిడకి తెలుసు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు పాదంలో దిగితే అత్తగారు పొగలు కక్కే నీళ్ళలో కాలు పెట్టిస్తే గానీ విషం విరగలేదు.

"వేడినీళ్ళు పెట్టలేదంటరా?"

"నడిసముద్రంలో వేడినీళ్ళెక్కడివే?"

"అయ్యో నాయనా! అన్ని పాముల్ని గెలిచినోడు, మా చేప చేతిలో పోయాడా?" అని పాపాయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. పది గంటలయ్యేసరికి దొరని చంపిన చేప ఎలా ఉంటుందో చూద్దామని ఊరు ఊరంతా పాపాయి గట్టు మీద పడింది. చేప అంటే గిట్టనివాళ్ళు ముక్కు మూసుకుని వచ్చారు. ఇరవై ఏళ్ళలో అంత జనాన్ని చూడలేదు పాపాయి. జనాన్ని చూస్తే ఆవిడ నాలుక ఆవిడ మాట వినదు.

"రండి బాబూ రండి! దొరని పొడిచింది మరేదో కాదండి, దీని సొంత మేనత్తే! ఆ మూతి చూడండి, ఆ పొగరు చూడండి! ఒకటే రక్తం!"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్యలోంచి ఆంజనేయరాజు గారు ముందుకొచ్చారు. ఏడ్చి ఏడ్చి ఆయన కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి.

"ఏంటే పాపాయీ? అంత గొప్పోడు పోతే నీకు వేళాకోళంగా ఉందా? హంతకురాలి మేనకోడల్ని తెచ్చి నా మార్కెట్లో అమ్ముతావా?"

"అయ్యో, మాటవరసకి అన్నానండి రాజుగారూ. చేపలకి మేనత్తలేంటండి?"

"ఇంకో మాటనకు. ఈ ఊళ్ళో టేకు అన్నది కనపడకూడదు. దొరకి నేను పెద్దకర్మ చేస్తున్నాను. అది అయిన మర్నాడు నీ గట్టు ఇంకోళ్ళకి రాసిచ్చేస్తాను."

పాపాయి నోట మొదటిసారి మాట రాలేదు. పక్కనున్న లాజరు భయపడి మంచినీళ్ళిచ్చాడు.

ఆ పది రోజులూ టేకు కొంటే పాపమన్నట్టు చూశారు జనం. పాపాయి బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది. రాజుగారి భయానికి తలుపు తీసినవాళ్ళు లేరు. "పోనీ రొయ్యలమ్ముకోవే" అని ఎవరో అంటే, "లాజరు ఒప్పుకున్నా మా అత్త ఆత్మ ఒప్పుకోదు" అంది.

ఊరి నిండా ఫ్లెక్సీలు లేచాయి. 'అశ్రునయనాలతో మీ ఆంజనేయరాజు' అని. దొర బొమ్మ అరచేతంత, రాజుగారి బొమ్మ గుమ్మమంత.

పదకొండో రోజు కాలవగట్టు మీద పందిరి వేశారు. వెయ్యి మందికి భోజనాలు. పురోహితుడు చలపతి గారు మొదట్లో ససేమిరా అన్నారు.

"ఆయన కన్నకొడుకులు ఉండగా మీరేంటండి రాజుగారూ?"

"ఆళ్ళకి ఇయ్యన్నీ తెలీవండి. ఆకలితో ఎక్కడ తిరుగుతున్నాడో ఏంటో, కాకికి ఓ ముద్ద పెడదామండి."

"గోత్రం?"

"దొరలకి గోత్రం ఏముంటుందండి?"

"తెలియనివాళ్ళందరికీ కాశ్యపగోత్రమే" అని చలపతి గారు నిట్టూర్చి, కాశ్యపగోత్రోద్భవుడైన ఎర్రగడ్డం దొర పేరు మీద అరిటాకులో పిండం పెట్టించారు. ఇంక కాకి వచ్చి ముట్టుకోవాలి. ముట్టుకుంటేనే చనిపోయినవాడు తృప్తిపడ్డట్టు, ముట్టుకున్నాకే బంతి భోజనాలు.

కాకి రాలేదు.

ఎలా వస్తుంది? అభిమానం కొద్దీ రాజుగారు పొద్దుటే పదివేల టపాకాయల దండ పేల్పించారు. బ్యాండుమేళం సరేసరి. ఆ దెబ్బకి పాలకొల్లు కాకులన్నీ గోదారి దాటి కోనసీమలో చుట్టాలింటికెళ్ళిపోయాయి.

పన్నెండయింది. ఒంటిగంటయింది. పులిహోర వాసనకి జనం ప్రాణాలు విలవిల్లాడుతున్నాయి.

"ఏదో తీరని కోరికుంది. అడిగి మాటివ్వండి" అన్నారు చలపతి గారు.

రాజుగారు చేతులు జోడించారు. "దొరా, నీ పాముల్ని మేం చూసుకుంటాం!"

కాకి రాలేదు.

"తెలుగులో చెప్తే ఆయనకేం తెలుస్తుందండి?" అన్నాడు లాజరు. రాజుగారు గొంతు సవరించుకుని, "సార్! ఆల్ స్నేక్స్ వెరీ హ్యాపీ సార్! నో టెన్షన్ సార్!" అన్నారు. ఇంగ్లీషుకీ రాలేదు. రెండున్నరకి వెనక బంతిలో ఒకాయన, "నేనే కాకిలా అరిచి తినేస్తానండి" అన్నాడట.

అప్పుడొచ్చింది పాపాయి, నెత్తిన మూతేసిన బుట్టతో. మర్నాటికి గట్టు పోతుంది కాబట్టి వెయ్యి మంది ముందు రాజుగారి కాళ్ళ మీద పడదామని వచ్చింది. బుట్టలో పొద్దుట అమ్ముడుపోని టేకు ముక్కలున్నాయి. పందిరి అంచున బుట్ట దించి, మూత తీసి, చెమట తుడుచుకుందో లేదో, ఎక్కడినించి ఊడిపడిందో ఒక కాకి వచ్చి బుట్ట మీద వాలింది.

"ఉష్!" అని పాపాయి చెయ్యెత్తింది.

"తోలకే పాపాయీ! నీకు పుణ్యముంటుంది, తోలకే!" చలపతి గారు పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చారు. ఆయనకి మూడు గంటలకి పోడూరులో గృహప్రవేశం ఉంది.

కాకి ఓ టేకు ముక్క ముక్కున కరుచుకుని, పందిరి రాట మీద కూర్చుని, వెయ్యి మంది చూస్తుండగా తాపీగా తిని, కిందకి దిగి, పిండం మీద మర్యాదకన్నట్టు రెండు పోట్లు పొడిచి ఎగిరిపోయింది. జనం వేసిన కేకకి కాలవలో నీళ్ళు ఒడ్డెక్కాయి.

"చూశారా? దొరగారు ఆ చేపని క్షమించేశారు" అన్నారు చలపతి గారు చేతులు కడుక్కుంటూ.

"క్షమించడమేంటండీ!" రాజుగారి మీసాలు లేచాయి. "కళ్ళముందే నమిలి మింగేస్తేను! పగ తీర్చుకున్నాడు!"

పాపాయికి పది రోజుల తరవాత పాత గొంతొచ్చింది.

"అంత దొర పగ ఒక్క ముక్కతో తీరుద్దేంటండి రాజుగారూ?"

"తీరదు" అన్నారు రాజుగారు. తీరుద్దంటే దొరని తక్కువ చేసినట్టవుతుంది.

మర్నాడు తెల్లారేసరికి పాపాయి గట్టు ముందు జనం మార్కెట్ గేటు దాకా ఉన్నారు. అందరికీ పగే. తలుపు తియ్యనివాళ్ళు కూడా, "రెండు కేజీలు పగ తీర్చుకోవాలమ్మా" అంటూ సంచులు చాపారు. తొమ్మిదింటికి బుల్లెట్ వచ్చి ఆగింది. ఆంజనేయరాజు గారు దర్జాగా దిగి, చేపని పై నుంచి కింద దాకా కొరకొరా చూశారు.

"గట్టు నువ్వే ఉంచుకో. ఏ వైపుతో పొడిచిందే ఆయన్ని?"

"తోకతోనండి."

"అయితే మా ఇంటికి ఆ తోకే ఇయ్యి. ముల్లు తీసేసి."

టేకు తోకలో నమలడానికి పీచు తప్ప ఏమీ ఉండదని పాపాయికి తెలుసు. గట్టు దక్కి ఇంకా గంటయినా కాలేదు, అప్పుడే రాజుగారికి ఎదురు చెప్పడమెందుకని ముల్లు తీసి తోక భక్తిగా ఆకులో చుట్టింది. చుడుతూ చుడుతూ, వాళ్ళింట్లో పొయ్యి దగ్గర నిలబడేది రాజుగారి భార్య బంగారమ్మ గారు కదా, పాపం ఆ తల్లి దాన్ని ఏం చేసుకుంటుందని, అడుగున కండ పట్టిన రెక్క ముక్కలు నాలుగు ఆయన చూడకుండా పెట్టింది.