వేగంగా వచ్చిన సున్నా

2023 వానాకాలం. సిరోంచలో నా ఆన్‌లైన్ సెంటర్‌లో రెండు కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం బ్రౌజర్. ఇంటర్నెట్ పేజీలు తెరిచి చూపించే ప్రోగ్రామే బ్రౌజర్. పెద్ద పేజీని ఏది ముందు తెరుస్తుందో పోటీ పెట్టి చూడడం నాకో పిచ్చి. మొదటిది కన్ను మూసి తెరిచేలోగా పేజీ పైభాగం చూపించేది. రెండోది పేజీ మొత్తం వచ్చేదాకా తెల్లమొహం వేసుకుని కూర్చునేది. దాన్ని తిట్టని రోజు లేదు.

ఆ మధ్యాహ్నం జింగనూర్ నుంచి మల్లవ్వ వచ్చింది. చనిపోయారని రేషన్‌లోంచి తీసేయబోయే వాళ్ల జాబితా ఆన్‌లైన్‌లో పెట్టారు, జిల్లా అంతా ఒకే పేజీలో. అభ్యంతరం చెప్పడానికి ఆ సాయంత్రం ఐదు వరకే గడువు. దాటితే అందులో పేరున్నవాళ్లకు బియ్యం ఆగిపోతాయి.

"నా పేరు సచ్చినోళ్లల్ల ఉన్నదంటున్నరు బిడ్డా. జర సూడు."

రెండింట్లోనూ పేజీ తెరిచాను. మొదటిదాంట్లో ఆమె పేరు కొట్టి వెతికాను. సున్నా అని వచ్చింది.

"నీ పేరు లేదవ్వా. పరేషాన్ గాకు, ఇంటికి పో."

"ఏమో బిడ్డా. ఊర్ల ఎవ్వలు నా దిక్కు సూస్తలేరు. పలకరిస్తే ఉలిక్కిపడుతున్నరు" అని గొణుక్కుంటూ లేచింది. నేను నవ్వుకున్నాను.

ఆమె వెళ్లిన కాసేపటికి రెండో తెర నిండింది. ఊరికే అదే పేరు కొట్టాను. మల్లవ్వ, భర్త పేరు, జింగనూర్, మృతి.

ఎదురుగా ఖాళీ కుర్చీ. ఆమె కోసం తెప్పించిన టీ ముట్టకుండా అలాగే ఉంది. ఇంతసేపూ నేను మాట్లాడింది ఎవరితో అని ఒక్క క్షణం నిజంగానే భయపడ్డాను. మొదటి తెర వైపు చూస్తే పేజీ ఇంకా కిందికి పెరుగుతూనే ఉంది. చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే ఆ తెలుపులోంచి పైకి తేలుతున్నాయి. సగమే వచ్చిన పేజీలో వెతికి, లేదని చెప్పి ఆమెను పంపించేశాను.

బస్టాండుకు పరుగెత్తాను. జింగనూర్ బస్సులో కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకుని దింపాను. ఆ చెయ్యి మంచులా ఉంది. ఉలిక్కిపడి, వానకేనని నాకు నేనే చెప్పుకున్నాను.

సెంటర్‌కు తీసుకొచ్చి కూర్చోబెట్టాను. అభ్యంతరం పంపాలంటే వేలిముద్ర కావాలి. నాట్లేసి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టలేదు. ఒక్కో వేలూ పెట్టించాను. తొమ్మిదో వేలికి పచ్చ లైటు వెలిగింది. ఐదు కావడానికి ఇంకా పావుగంట ఉంది. "విచారణలో ఉంది" అని రసీదు వచ్చింది.

తొందరగా తెరుచుకోవడం వేరు, పూర్తిగా తెరుచుకోవడం వేరు. ఇన్నేళ్లు పోటీలు పెట్టినా నాకు ఆ సంగతి తట్టలేదు. ఇప్పుడు ఎంతమంది వరసలో ఉన్నా, పేజీ చివరిదాకా రానిదే ఎవరికీ లేదని చెప్పను.

ఆ రోజు మల్లవ్వ రసీదు కొంగున కట్టుకుంటూ అడిగింది.

"గా విచారణ అయ్యేదాక నేను బతికున్నట్టా, సచ్చినట్టా బిడ్డా?"

"బతికున్నట్టే అవ్వా."

"మరి బస్సుల నన్ను జూసి నువ్వెందుకు బెదిరినవ్?"